నేవీ చీఫ్ ఆఫీసు ఢిల్లీలో ఎందుకు? ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు అసలేం చేస్తారు?

ఢిల్లీ మ్యాప్ ఒకసారి ఫోన్‌లో తెరిచి చూడండి. ఎటు చూసినా భూమే. దగ్గర్లో సముద్రమన్నదే లేదు. మరి మన నౌకాదళాన్ని నడిపించే అతి పెద్ద ఆఫీసు మాత్రం అక్కడే ఉంది. ఓడలేమో ముంబైలో, వైజాగ్‌లో, కొచ్చిలో, కార్వార్‌లో. బాసేమో ఢిల్లీలో. ఇదేం లెక్క? ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే.

సినిమాల్లో చూపించే సీన్ మనందరికీ తెలుసు. పెద్ద స్క్రీన్, దాని ముందు తెల్ల యూనిఫాంలో అడ్మిరల్ గారు, "ఫైర్" అనగానే సముద్రంలో ఎక్కడో క్షిపణి లేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ నిజంగా అలా జరగదు. మన ఆర్టీసీనే తీసుకోండి. ఎండీ గారు బస్సు నడపరు. ఫలానా బస్సుకు ఈరోజు ఏ డ్రైవర్ ఎక్కాలో కూడా ఆయన చెప్పరు, అది డిపో మేనేజర్ పని. కానీ ఏ డిపోకి ఎన్ని కొత్త బస్సులు, డబ్బు ఎక్కడి నుంచి, డ్రైవర్లను ఎలా తీసుకోవాలి, ఏదైనా పెద్ద ప్రమాదం జరిగితే ప్రభుత్వానికి జవాబు ఎవరు చెప్పాలి, ఇవన్నీ ఎండీ టేబుల్ మీదకొస్తాయి. నేవీ చీఫ్ పని కూడా చాలావరకు ఇలాంటిదే. తేడా ఒక్కటే, ఇక్కడ యుద్ధం వస్తుంది.

ముందు పేరు సంగతి చూద్దాం. ఆ పదవి పూర్తి పేరు చీఫ్ ఆఫ్ ది నేవల్ స్టాఫ్. తెలుగులో నౌకాదళాధిపతి అంటాం గానీ, ఇంగ్లిష్ పేరులో అధిపతి అన్న అర్థం లేదు. స్టాఫ్‌కి చీఫ్, అంతే. 1955కి ముందు ఈ పదవి పేరు కమాండర్ ఇన్ చీఫ్. ఆ ఏడాది పార్లమెంటు చట్టం చేసి మూడు దళాల్లోనూ ఆ పేరు తీసేసింది. కారణం రాజ్యాంగంలోనే ఉంది. త్రివిధ దళాలకు సుప్రీం కమాండర్ రాష్ట్రపతి. ఆ అధికారాన్ని నడిపేది ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం. యూనిఫాం వేసుకున్న మనిషి ఎంత పెద్దవాడైనా ప్రభుత్వానికి సలహాదారు, తన దళానికి పెద్ద. ఆ రెండు టోపీలూ ఒకే తలమీద ఉంటాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా అవసరం పడుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మనకు 1947లో స్వాతంత్ర్యం వచ్చింది కదా, నేవీకి భారతీయుడు చీఫ్ అయ్యేసరికి 1958 ఏప్రిల్ వచ్చింది! ఆర్మీకి 1949లో కరియప్ప గారు వచ్చారు, ఎయిర్ ఫోర్స్‌కి 1954లో సుబ్రతో ముఖర్జీ గారు వచ్చారు. నేవీకి మాత్రం పదకొండేళ్ళపాటు బ్రిటిష్ అధికారులే. ఎందుకంటే బ్రిటిష్ వాళ్ళు భారతీయులను నేవీలో ఆఫీసర్లుగా తీసుకోవడమే చాలా ఆలస్యంగా మొదలుపెట్టారు. ఓడల దళాన్ని నడిపే అనుభవం ఒక్క రాత్రిలో రాదు. చివరికి చెంగల్పట్టులో పుట్టిన రామదాస్ కఠారి గారు మొదటి భారతీయ చీఫ్ అయ్యారు. అప్పుడు ఆ పదవికి వైస్ అడ్మిరల్ ర్యాంకే. నాలుగు నక్షత్రాల అడ్మిరల్ ర్యాంకు 1968లో వచ్చింది.

ఇప్పుడు ఆఫీసు లోపలికి వెళ్దాం. చాలా ఏళ్ళపాటు ఇది సౌత్ బ్లాక్‌లోనూ, ఢిల్లీ నిండా చెదిరిన పదమూడు చోట్లలోనూ నడిచింది. ఫైలు ఒక బిల్డింగ్‌లో, సంతకం చేయాల్సినాయన ఇంకో బిల్డింగ్‌లో. 2024 మార్చిలో ఢిల్లీ కంటోన్మెంట్‌లో నౌసేనా భవన్ మొదలయ్యాక నేవీకి సొంత హెడ్‌క్వార్టర్స్ వచ్చింది.

చీఫ్ కింద నలుగురు ముఖ్యులుంటారు, అందరూ వైస్ అడ్మిరల్ స్థాయి. వైస్ చీఫ్ అంటే నంబర్ టూ. రాబోయే పదిహేనేళ్ళలో మనకు ఎన్ని ఓడలు కావాలి, ఎన్ని విమానాలు కావాలి, బడ్జెట్ ఎంత అడగాలి, ఆ లెక్కలన్నీ ఈయన దగ్గర. డిప్యూటీ చీఫ్ చేతిలో ఆపరేషన్లు, నిఘా సమాచారం. సముద్రంలో ఈ నిమిషాన ఏం జరుగుతోందో హెడ్‌క్వార్టర్స్‌లో అందరికంటే ముందు తెలిసేది ఈయన వైపు వాళ్ళకే. చీఫ్ ఆఫ్ పర్సనెల్ మనుషుల సంగతి చూస్తారు. భర్తీ, పోస్టింగులు, ప్రమోషన్లు, క్రమశిక్షణ. మీలో అగ్నివీర్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్ళు ఉంటారు కదా, ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో మీరు ట్రైనింగ్‌కి వెళ్ళే దారి ఈ విభాగంలోంచే పోతుంది. ఇక చీఫ్ ఆఫ్ మెటీరియల్. ఓడల రిపేర్లు, డాక్‌యార్డులు, స్పేర్ పార్టులు, ఆయుధాల నిల్వ. ఎవరికీ పెద్దగా ఆసక్తి ఉండని విభాగం ఇదే. నా దృష్టిలో మాత్రం నేవీ ప్రాణం ఇక్కడే ఉంటుంది. ఎందుకో కాసేపాగి చెప్తాను.

వీళ్ళు కాక యుద్ధనౌకల నిర్మాణాన్ని చూసే కంట్రోలర్ ఒకరుంటారు. పైగా మన నేవీకి ఓడలను సొంతంగా డిజైన్ చేసుకునే సంస్థ హెడ్‌క్వార్టర్స్‌లోనే ఉంది. కొచ్చి షిప్‌యార్డ్‌లో కట్టిన విక్రాంత్ డిజైన్ అక్కడిదే. ఆ ఓడకు కీల్, అంటే అడుగు దూలం, వేసింది 2009 ఫిబ్రవరిలో. నేవీలో చేరింది 2022 సెప్టెంబర్ 2న. ఈ మధ్యలో ఎంతమంది చీఫ్‌లు మారారో తెలుసా? సురీశ్ మెహతా గారి టైంలో మొదలై, వర్మ, జోషి, ధోవన్, లాంబా, కరంబీర్ సింగ్ గార్లను దాటి హరికుమార్ గారి టైంలో పూర్తయింది. ఏడుగురు! చీఫ్ పదవీకాలం మూడేళ్ళు లేదా 62 ఏళ్ళ వయసు, ఏది ముందొస్తే అది. కాబట్టి ఒక చీఫ్ ఇవాళ ఆర్డర్ పెట్టించే ఓడ మీద ఆయన ఉద్యోగంలో ఉండగా అడుగు పెట్టడం దాదాపు జరగదు. ఆయన వాడే ఓడలు ముందువాళ్ళు అడిగినవి. ఆయన అడిగేవి తర్వాతవాళ్ళకి. (జీతం ఎంత అని అడిగేవాళ్ళు ఉంటారు, తెలుసు నాకు. నెలకు 2,50,000 రూపాయల మూలవేతనం, క్యాబినెట్ సెక్రటరీతో సమానం.)

సరే, ఇది ఢిల్లీ. ఓడల దగ్గర ఎవరున్నారు? తీరాన్ని మూడు కమాండ్‌లుగా చేశారు. ముంబైలో పశ్చిమ కమాండ్, మన వైజాగ్‌లో తూర్పు కమాండ్, కొచ్చిలో దక్షిణ కమాండ్. కొచ్చి ప్రధానంగా శిక్షణ కోసం. మొదటి రెండూ కత్తికి రెండు అంచులు. ఒక్కో కమాండ్‌కీ ఒక వైస్ అడ్మిరల్, ఆయన్ని ఫ్లాగ్ ఆఫీసర్ కమాండింగ్ ఇన్ చీఫ్ అంటారు. గమనించారా, చీఫ్ పేరులోంచి తీసేసిన "కమాండ్" అన్న మాట ఇక్కడ బతికే ఉంది. ఆయన కింద ఫ్లీట్‌ను నడిపే రియర్ అడ్మిరల్, ఆ కింద ఒక్కో ఓడకూ ఒక కమాండింగ్ ఆఫీసర్. ఆర్డర్ ఢిల్లీ నుంచి బయల్దేరి ఈ మెట్లన్నీ దిగుతుంది. "ఈ పని కావాలి" అని ఢిల్లీ చెప్తుంది. "ఏ ఓడతో, ఏ రాత్రి, ఏ దారిలో" అన్నది కమాండ్ చూసుకుంటుంది.

ఇది నిజంగా ఎలా పనిచేస్తుందో చూడాలంటే 1965, 1971 యుద్ధాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

1965 సెప్టెంబర్‌లో పాకిస్తాన్ ఓడలు గుజరాత్ తీరంలోని ద్వారక మీద ఫిరంగులు పేల్చి వెళ్ళిపోయాయి. అప్పటి చీఫ్ వైస్ అడ్మిరల్ సోమన్ గారు. ఆయన చేతులు కట్టేసి ఉన్నాయి. పోర్‌బందర్‌కి ఉత్తరంగా వెళ్ళి దాడులు చేయొద్దని ప్రభుత్వం ముందే హద్దు గీసింది. యుద్ధం భూమి మీదే ఉండాలి, సముద్రానికి పాకకూడదన్నది ఢిల్లీ ఆలోచన. ఆ ఆలోచన తప్పో ఒప్పో పక్కన పెడదాం. నేవీలో ఉన్నవాళ్ళకి మాత్రం అది చాలా ఏళ్ళపాటు గుచ్చుకుంది. ఓడలున్నాయి, మనుషులున్నారు, అనుమతి లేదు.

1971కి చీఫ్ కుర్చీలో అడ్మిరల్ నందా గారున్నారు. ఆయన చేసిన అతి పెద్ద పని, నా ఉద్దేశంలో, యుద్ధానికి ముందే జరిగింది. ప్రధాని ఇందిరాగాంధీ గారి దగ్గరికి వెళ్ళి, కరాచీ మీద నేవీ దాడి చేస్తే ప్రభుత్వానికి రాజకీయంగా ఏమైనా అభ్యంతరమా అని నేరుగా అడిగారు. ఆమె అడ్డు చెప్పలేదు. అంతే. 1965లో ఉన్న గీత ఈసారి లేదు. చీఫ్ పదవికున్న రెండు టోపీలని చెప్పాను కదా, ఇక్కడ రెండూ ఒకేసారి పనిచేశాయి. ప్రభుత్వంతో మాట్లాడి దారి తెరవడం, ఆ దారిలో నడవడానికి దళాన్ని సిద్ధం చేయడం.

ఆ తర్వాతది ముంబైలో వైస్ అడ్మిరల్ కోహ్లి గారి కమాండ్ పని. సోవియట్ యూనియన్ నుంచి తెచ్చిన చిన్న క్షిపణి బోట్లు నిజానికి తీరాన్ని కాపాడుకోవడానికి కొన్నవి, దూరం పోలేవు. వాటిని పెద్ద ఓడలతో లాక్కెళ్ళే పద్ధతిని ముందే ప్రాక్టీస్ చేశారు. డిసెంబర్ 4 రాత్రి నిర్ఘాత్, నిపాత్, వీర్ అనే మూడు బోట్లు కరాచీ దగ్గరికి వెళ్ళి పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్‌ను, మైన్‌స్వీపర్ ముహాఫిజ్‌ను ముంచేశాయి. ఆపరేషన్ ట్రైడెంట్ అంటే ఇదే. డిసెంబర్ 4ను నేవీ డేగా జరుపుకునేది అందుకే. అయితే ఆ యుద్ధంలో మనం కూడా పోగొట్టుకున్నాం. డిసెంబర్ 9న ఐఎన్‌ఎస్ ఖుక్రీ టార్పెడో దెబ్బకి మునిగి 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు చనిపోయారు. ఆర్డర్ మెట్లు దిగుతుందని అన్నాను కదా, చివరి మెట్టు మీద ఉండేది వీళ్ళు.

ఇటు వైజాగ్ సంగతి. "ఘాజీ" సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో సబ్‌మెరైన్ కథ కల్పన. అసలు కథలో హీరో ఒక పాత డిస్ట్రాయర్, ఒక పుకారు. అప్పట్లో మనకున్న ఒకే ఒక విమాన వాహక నౌక పాత విక్రాంత్. దాన్ని పశ్చిమం నుంచి తూర్పుకి మార్చారు. దాని బాయిలర్‌లో పగులు ఉంది, పూర్తి వేగంతో పోలేదు. దాన్ని వేటాడ్డానికి పాకిస్తాన్ ఘాజీ జలాంతర్గామిని పంపింది. తూర్పు కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు విక్రాంత్‌ని చప్పుడు కాకుండా అండమాన్ వైపు దాచేసి, అది వైజాగ్‌లోనే ఉందని నమ్మించారు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత ఓడ విక్రాంత్‌లా రేడియో సందేశాలు పంపింది. ఊళ్లో సరుకులు, కూరగాయలు పెద్ద ఓడకు సరిపడా ఆర్డర్ పెట్టారు, మాట బయటికి పొక్కాలని! డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక వైజాగ్ తీరంలో పెద్ద పేలుడు. ఘాజీ మునిగిపోయింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీల వల్లనే అని మన నేవీ చెప్తుంది. లోపలే పేలుడు జరిగిందనో, వాళ్ళు పరిచిన మైనే తగిలిందనో పాకిస్తాన్ వైపు వాదన. ఏదైనా సరే, కూరగాయల ఆర్డర్ ఢిల్లీ ఇవ్వలేదు. అది వైజాగ్ బుర్ర. విక్రాంత్‌ను ఏ తీరంలో పెట్టాలన్నది మాత్రం ఢిల్లీ నిర్ణయం. పని పంచుకోవడం అంటే ఇదీ.

ఇప్పటిదాకా గెలిచిన కథలు. ఈ కుర్చీ అసలు బరువు తెలియాలంటే ఇంకో రెండు తేదీలు చూడాలి.

1998 డిసెంబర్ 30. అప్పటి చీఫ్ అడ్మిరల్ విష్ణు భగవత్ గారిని ప్రభుత్వం పదవి నుంచి తీసేసింది. స్వతంత్ర భారతంలో పదవిలో ఉన్న దళాధిపతిని తొలగించడం అదే మొదటిసారి. గొడవ దేని మీద? ఇందాక చెప్పిన నలుగురిలో ఒకరైన డిప్యూటీ చీఫ్ ఎవరుండాలన్నదాని మీద! క్యాబినెట్ నియామకాల కమిటీ వైస్ అడ్మిరల్ హరీందర్ సింగ్ పేరు ఖరారు చేసింది, చీఫ్ దాన్ని అమలు చేయలేనన్నారు. కొచ్చిలో దక్షిణ కమాండ్ చూస్తున్న సుశీల్ కుమార్ గారిని ఢిల్లీకి రప్పించి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. దీని మీద ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి. తన పక్కన పనిచేసే మనిషిని ఎంచుకునే హక్కు చీఫ్‌కి లేదా అని ఒకరు, ఎన్నికైన ప్రభుత్వం ఆర్డర్ ఇస్తే యూనిఫాంలో ఉన్నవాళ్ళు కాదనొచ్చా అని ఇంకొకరు. నన్నడిగితే రెండో ప్రశ్నకు జవాబు "కాదనకూడదు" అనే చెప్తాను. కానీ ఆ రోజు విషయం అక్కడిదాకా వెళ్ళడంలో రెండు వైపులా మాటలు ఎప్పుడో తెగిపోయి ఉన్నాయని కూడా అనిపిస్తుంది.

రెండో తేదీ 2014 ఫిబ్రవరి 26. దానికి ఆరు నెలల ముందు, 2013 ఆగస్టు 14న, ముంబై డాక్‌యార్డ్‌లో సింధురక్షక్ జలాంతర్గామి పేలి 18 మంది చనిపోయారు. ఆ తర్వాత వరసగా చిన్నాపెద్దా ప్రమాదాలు. ఫిబ్రవరి 26న ముంబై దగ్గర సముద్రంలో సింధురత్న అనే జలాంతర్గామిలో పొగ కమ్ముకుని ఇద్దరు ఆఫీసర్లు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు చీఫ్ అడ్మిరల్ డీకే జోషి గారు నైతిక బాధ్యత తీసుకుని రాజీనామా చేశారు. అదే రోజు ప్రభుత్వం ఆమోదించింది. ఆయనకింకా ఏడాదిన్నర సర్వీసు ఉంది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఆ జలాంతర్గామిని ఆయన నడపలేదు. మెట్లు లెక్కపెడితే ఆయనకూ ఆ పొగ నిండిన గదికీ మధ్య బోలెడుమంది ఆఫీసర్లున్నారు. పాత జలాంతర్గాములు పాతబడిపోతుంటే కొత్తవి సమయానికి రాలేదు. కొనుగోలు ఫైళ్ళు కదిలేది రక్షణ శాఖలో, ఆర్థిక శాఖలో. చీఫ్ ఆఫ్ మెటీరియల్ విభాగం ప్రాణం లాంటిదని ఇందాక అన్నది అందుకే. ఒక స్పేర్ పార్టు ఆలస్యమైతే అది ఢిల్లీలో ఒక ఫైలు. నీళ్ళ కింద ఉన్న కుర్రాడికి మాత్రం అది ఊపిరి. పదవి వదిలిన కొన్ని నెలలకు జోషి గారు మాట్లాడుతూ, జవాబుదారీతనం నేవీ మీద ఉంది గానీ అధికారం ఇంకెక్కడో ఉంది అన్న అర్థంలో తన బాధ చెప్పుకున్నారు. ఆయన ఒక్కరే ఎందుకు వెళ్ళాలి అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ నాకు సరైన జవాబు దొరకలేదు.

మరి ఈ ఏర్పాటు ఇలాగే ఉంటుందా? 2020 జనవరి 1 నుంచి మూడు దళాలకూ కలిపి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ అనే పదవి వచ్చింది. ఆ పదవికి ఓడల మీద గానీ సైనికుల మీద గానీ నేరుగా కమాండ్ ఇవ్వలేదు. ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ కలిసి కొనడం, కలిసి ప్లాన్ చేయడం ఆ ఆఫీసు పని. దాని వెనకే థియేటర్ కమాండ్‌ల చర్చ నడుస్తోంది. అంటే ఒక ప్రాంతంలో ఉన్న మూడు దళాలనూ ఒకే కమాండర్ కింద పెట్టడం. అండమాన్‌లో 2001 నుంచి ఇలాంటి ఉమ్మడి కమాండ్ ఒకటి పనిచేస్తోంది కూడా.

అమెరికాలో ఇది ఎప్పుడో అయిపోయింది. అక్కడ నేవీ అత్యున్నత అధికారిని చీఫ్ ఆఫ్ నేవల్ ఆపరేషన్స్ అంటారు. పేరులోనే ఆపరేషన్స్ ఉంది, కానీ 1958 చట్టంతో ఆయన చేతిలోంచి ఆపరేషన్లు తీసేశారు! మనుషులను తయారుచేయడం, ఓడలు కట్టించడం, సలహా ఇవ్వడం, ఇదే ఆయన పని. యుద్ధం చేసే ఆర్డర్ అధ్యక్షుడు, రక్షణ మంత్రి నుంచి నేరుగా ప్రాంతాల కమాండర్లకు వెళ్తుంది. మన దగ్గర థియేటర్ కమాండ్‌లు పూర్తిగా వస్తే మన చీఫ్ పదవి కూడా అటే జరుగుతుంది. అప్పుడు నందా గారిలా ప్రధాని దగ్గరికి వెళ్ళి "మేం వెళ్ళొచ్చా" అని అడిగేది నేవీ చీఫా, థియేటర్ కమాండరా? రేపు ఒక సింధురత్న జరిగితే రాజీనామా ఎవరిది, ఓడను రిపేర్ చేయించినవాళ్ళదా, సముద్రంలోకి పంపినవాళ్ళదా? ఇలాంటివి తేల్చుకోకుండా బోర్డులు మార్చేస్తే మళ్ళీ అధికారం ఒకచోట, బాధ్యత ఇంకోచోట అవుతుంది.

ఈసారి వైజాగ్ వెళ్తే ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సుర జలాంతర్గామి లోపలికి ఒకసారి వెళ్ళి చూడండి. తల వంచుకుని నడవాలి, మనిషి పక్కన మనిషి పట్టరు. ఆ ఇరుకులో మనుషులు నెలల తరబడి ఎలా బతుకుతారు, జలాంతర్గామి నీళ్ళ కిందకి ఎలా మునుగుతుంది, ఎలా తేలుతుంది అన్నది వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండీ.